ఎంసీబీ ఎందుకు పడుతోంది? పడాల్సిన చోట ఎందుకు పడట్లేదు?

బ్రేకర్ పడగానే అందరూ చేసే మొదటి పని దాన్ని మళ్లీ పైకెత్తడం. నిలబడితే మర్చిపోతారు. నిలబడకపోతే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి "మాటిమాటికీ పడిపోతోందండీ" అంటారు. ఆ ఒక్క ముక్కతో ఎవరూ ఏమీ తేల్చలేరు. పడింది ఏది, ఎత్తాక ఎంతసేపటికి పడింది, ఆ సమయంలో ఏమేం నడుస్తున్నాయి అన్న మూడూ తెలిస్తే బోర్డు మూత తీయకముందే కారణం చాలావరకు దొరుకుతుంది.

ముందు పడింది ఏదో చూడండి. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో వరసగా ఉండే సన్నటివి ఎంసీబీలు. వాటికి ముందు కాస్త వెడల్పుగా, టెస్ట్ బటన్‌తో ఉండేది ఆర్‌సీసీబీ. తీగలో కరెంటు మోతాదు మించితే ఎంసీబీ పడుతుంది. ఆర్‌సీసీబీకి మోతాదుతో పనిలేదు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, అంటే మధ్యలో కొంత ఎర్త్‌లోకో మనిషి ఒంట్లోకో జారిపోతుంటే, అది పడుతుంది. రెండు పనులూ ఒకటే చేసేది ఆర్‌సీబీవో. అది పడితే కారణం రెండింటిలో ఏదైనా కావచ్చు.

కింద వేసిన లెక్కలు 230 వోల్టుల సరఫరాకి. ప్లగ్గులు పీకడం, స్విచ్చులు ఆపడం, ఏది ఎప్పుడు పడిందో రాసుకోవడం దాకా ఎవరైనా చేయొచ్చు. మూత తీసి చేసే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌ది. మెయిన్ ఆపాక మీటర్‌తో చూసి, కరెంటు లేదని రూఢి చేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్ టెస్టర్ వెలగలేదంటే అది రుజువు కాదు.

ఎత్తగానే టప్పున పడుతోంది (ఎంసీబీ)

ఇది ఎంసీబీలోని అయస్కాంత భాగం చేసే పని. దానికి సెకనులో చిన్న వంతు చాలు. ఎంసీబీల్లో మూడు రకాలున్నాయి: బి రకం రేటింగ్‌కి (దాని మీద రాసి ఉండే ఆంపియర్ల అంకెకి) 3 నుంచి 5 రెట్ల దగ్గర, సి రకం 5 నుంచి 10 రెట్ల దగ్గర, డి రకం 10 నుంచి 20 రెట్ల దగ్గర వెంటనే పడతాయి. అంటే సి రకం 16 ఆంపియర్ల ఎంసీబీ టప్పున పడిందంటే కనీసం 80 ఆంపియర్లు దూసుకెళ్లాయన్నమాట. ఇంట్లో అంత కరెంటు మామూలుగా లాగేది ఏదీ ఉండదు కాబట్టి షార్ట్ అనుకోవాల్సిందే.

ఆ లైన్ మీదున్న ప్లగ్గులన్నీ పీకండి. స్విచ్ ఆపడం కాదు, పీకడం. లైట్లు, ఫ్యాన్ల స్విచ్చులు కూడా ఆపేసి ఒక్కసారి ఎత్తండి. నిలబడితే ఒక్కొక్కటే కలుపుతూ వెళ్లండి, దొంగ దొరుకుతాడు. అన్నీ తీసేసినా పడుతుంటే తప్పు వైరింగ్‌లోనే ఉంది: గోడకి కొట్టిన మేకు, నీళ్లు దిగిన స్విచ్ బాక్సు, హోల్డర్ దగ్గర మాడిన తీగ. అదేపనిగా ఎత్తుతూ కూర్చోకండి. ఎత్తిన ప్రతిసారీ షార్ట్ ఉన్న చోటికి వందల ఆంపియర్లు పంపుతున్నట్టే. బ్రేకర్ లోపలి కాంటాక్టులు కూడా అరిగిపోతాయి.

ఒక మినహాయింపు ఉంది. ఏదో ఒక యంత్రం ఆన్ చేసిన క్షణంలోనే, అదీ ఒక్కోసారి మాత్రమే పడుతుంటే షార్ట్ కాకపోవచ్చు. మోటరు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కరెంటుకి 6 నుంచి 8 రెట్లు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లు, ఒకే స్విచ్ మీదున్న బోలెడు ఎల్‌ఈడీ డ్రైవర్లు కూడా మొదటి క్షణంలో ఇలాగే చేస్తాయి. బి బదులు సి, సి బదులు డి వేస్తే ఆగుతుంది. కానీ డి రకం 16 ఆంపియర్లది కచ్చితంగా వెంటనే పడాలంటే 320 ఆంపియర్లు రావాలి. అంత రావాలంటే ఫాల్ట్ దారి, అంటే షార్ట్ అయినప్పుడు కరెంటు వెళ్లి తిరిగొచ్చే దారి, మొత్తం నిరోధం 0.72 ఓమ్ లోపు ఉండాలి. అది కొలవకుండా డి వేయడమంటే నిజమైన షార్ట్ వచ్చిన రోజున బ్రేకర్ ఆలస్యంగా పడేలా ఏర్పాటు చేసుకోవడమే.

కాసేపు బాగానే నడిచి పడుతోంది

ఇది వేడికి వంగే ద్విలోహ పట్టీ పని, అంటే ఓవర్‌లోడ్. ఎంసీబీల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60898 ప్రకారం రేటింగ్‌కి 1.13 రెట్ల దగ్గర గంటలోపు పడకూడదు, 1.45 రెట్ల దగ్గర గంటలోపు పడి తీరాలి. 16 ఆంపియర్లదానికి ఆ అంకెలు సుమారు 18, 23. మధ్యలో ఎప్పుడైనా పడొచ్చు. 2 కిలోవాట్ల గీజరు, 2 కిలోవాట్ల హీటరు కలిపితే 17 ఆంపియర్ల పైచిలుకు, నిలుస్తుంది. దానికి 1 కిలోవాట్ ఇస్త్రీపెట్టె కలిపితే 21 దాటుతుంది, ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేం. "నిన్న ఇవన్నీ నడిచాయి కదా" అనే వాదన ఇక్కడ చెల్లదు. పైగా ఈ లెక్కలు 30 డిగ్రీల దగ్గర వేసినవి. బోర్డు లోపల వేడిగా ఉండి, పక్క బ్రేకర్లు కూడా కాగుతుంటే ఇంకా ముందే పడుతుంది.

క్లాంప్ మీటర్‌లో (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) కరెంటు రేటింగ్ కంటే తక్కువే చూపిస్తూ, అయినా పడుతుంటే బ్రేకర్ టెర్మినల్ స్క్రూ చూడండి. వదులైన స్క్రూ దగ్గర పుట్టే వేడి నేరుగా ఆ పట్టీకి ఎక్కుతుంది.

పరిష్కారం లోడు పంచడం, లేదా కొత్త లైన్ లాగడం. 16 తీసి 32 వేయడం పరిష్కారం కాదు. ఎంసీబీ కాపాడేది గీజర్ని కాదు, గోడలోని తీగని. తీగ మార్చకుండా బ్రేకర్ పెంచితే ఇక కాగేది తీగే, దాన్ని ఆపేవాళ్లు ఉండరు.

ఆర్‌సీసీబీ పడుతోంది

అసలు తలనొప్పంతా ఇక్కడే. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 లోపు పడకూడదు, 30కి పడి తీరాలి. ఆ మధ్యలో దాని ఇష్టం.

ఒక వస్తువు పెట్టినప్పుడే పడుతుంటే సులువు. గీజర్లు, ఇస్త్రీపెట్టెలు, ఓవెన్‌లు మొదటి అనుమానితులు, ఎందుకంటే హీటింగ్ ఎలిమెంట్‌లో నింపిన మెగ్నీషియం ఆక్సైడ్ తేమ పీలుస్తుంది. చాలాకాలం వాడని ఎలిమెంట్ ఇలా పడగొట్టడం మామూలే. ఎలిమెంట్ పగిలితే మాత్రం మార్చాల్సిందే. వాన పడితేనే వస్తుంటే బయటి లైట్లు, గేటు బెల్లు, మేడమీది సాకెట్లు విప్పి చూడండి.

ఏ కారణమూ కనపడకుండా ఎప్పుడో ఒకసారి పడుతుంటే లీకేజీలన్నీ కలిసిపోతున్నాయేమో చూడాలి. కంప్యూటర్లు, వాషింగ్ మెషిన్లు, ఇన్వర్టర్ ఏసీల లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు పాడవకుండానే కొద్దికొద్దిగా ఎర్త్‌లోకి వదులుతాయి. ఇల్లు మొత్తానికి ఒకటే ఆర్‌సీసీబీ ఉంటే ఆ చిల్లరంతా కలిసి 15 దగ్గరికి చేరుతుంది. ఇక చిన్న కుదుపు చాలు. సర్క్యూట్ల వారీగా ఆర్‌సీబీవోలు వేసి పంచడమే దీనికి మందు. కొందరు 30 తీసి 100 మిల్లీ ఆంపియర్లది పెడతారు. అది మంటల నుంచి కాపాడుతుందేమో కానీ షాక్ నుంచి మనిషిని కాపాడే పరికరం కాదు.

ఇక అందర్నీ తికమకపెట్టే లక్షణం: ఆ లైన్ ఎంసీబీ ఆపేసినా ఆర్‌సీసీబీ పడుతోంది. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌నే కోస్తుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. ఆ లైన్‌లో ఎక్కడో న్యూట్రల్ తీగ ఎర్త్ తీగకి తగిలిందనుకోండి. లోడు లేనప్పుడు రెండింటి మధ్యా వోల్టేజి దాదాపు సున్నా కాబట్టి ఏమీ జరగదు. వేరే గదిలో పెద్ద లోడు వేయగానే న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటులో కొంత ఆ తగిలిన చోట ఎర్త్‌లోకి తప్పుకుంటుంది, ఆర్‌సీసీబీ పడుతుంది. ఇంట్లోవాళ్లు ఆ పెద్ద లోడుని నిందిస్తారు. ఏసీ మెకానిక్కుని పిలిపిస్తారు. ఏసీలో ఏమీ ఉండదు.

దీన్ని పట్టుకోవాలంటే మెయిన్ ఆపి, ప్లగ్గులన్నీ పీకి, న్యూట్రల్ బార్ నుంచి ఒక్కొక్క తీగనే విప్పి, దానికీ ఎర్త్‌కీ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటర్) కొలవాలి. కనీసం 1 మెగా ఓమ్ రావాలి. ఆరోగ్యంగా ఉన్న లైన్ అంతకంటే ఎన్నో రెట్లు చూపిస్తుంది. సున్నాకి దగ్గరగా చూపించిందే మీకు కావలసిన లైన్. ఎలక్ట్రానిక్ వస్తువులు కలిపి ఉండగా మెగ్గర్ వేస్తే అవి పోతాయి, జాగ్రత్త.

కొత్తగా ఆర్‌సీసీబీ పెట్టిన రోజునుంచే, ఏదో ఒక లైటు వేయగానే పడుతుంటే అది అరువు న్యూట్రల్. మెట్ల దగ్గర రెండు వైపులా స్విచ్ ఉన్న లైట్లలో ఇది ఎక్కువ: ఫేజ్ కింది అంతస్తుది, న్యూట్రల్ పై అంతస్తుది. రెండు అంతస్తులకీ వేరువేరు ఆర్‌సీసీబీలుంటే ఒకదానికి కరెంటు తిరిగి రాదు, ఇంకోదానికి తన ఫేజ్‌లో వెళ్లని కరెంటు వస్తుంది. ఏ సర్క్యూట్ ఫేజ్ ఉందో ఆ సర్క్యూట్ న్యూట్రలే కలపాలి, వేరే దారి లేదు.

టెస్ట్ బటన్ నొక్కినా పడకపోతే, సరఫరా ఉందో లేదో చూసుకుని, ఉంటే ఆర్‌సీసీబీ మార్చేయండి. కొనేటప్పుడు 'ఏసీ' (AC) రకం కాకుండా 'ఏ' (A) రకం ఆర్‌సీసీబీ తీసుకోండి. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో వచ్చే ఒకవైపు కరెంటు లీకేజీని ఏసీ రకం సరిగా పసిగట్టలేదు. ఇంకో మాట: ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ని ఏ ఆర్‌సీసీబీ కాపాడలేదు. దాని కంటికి అతనూ ఒక బల్బే.

ముట్టుకుంటే జిల్లుమంటోంది, ఏదీ పడట్లేదు

పడే బ్రేకర్ కంటే పడాల్సిన చోట పడని బ్రేకరే ప్రమాదం. ఇక్కణ్నుంచి చెప్పేవన్నీ ఎక్కువగా ఆ కోవలోవే.

కంప్యూటర్ డబ్బా ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటే, ఎర్త్ తెగిపోయి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఆ డబ్బా మీద సరఫరాలో సగం, అంటే సుమారు 115 వోల్టులు తేలుతున్నాయన్నమాట. కరెంటు కొద్దిదే, ప్రాణం తీయదు. కానీ అది ఎర్త్ లేదన్న వార్త. సాకెట్ ఎర్త్ పిన్ నుంచి బోర్డు ఎర్త్ బార్ దాకా కంటిన్యుటీ, అంటే తీగ ఎక్కడా తెగకుండా ఉందో లేదో, చూడండి.

ఎర్త్ ఉన్నా చాలదు. ఇంటి ఎర్త్ కేవలం భూమిలో పాతిన రాడ్డే అయి, ఆ దారి నిరోధం 20 ఓమ్‌లు ఉందనుకుందాం. గీజరు లోపల ఫేజ్ బాడీకి తగిలితే ప్రవహించేది 230 ని 20 తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే, పడనే పడదు. గీజరు బాడీ కరెంటుతో అలాగే ఉండిపోతుంది. రాడ్డు ఎర్త్ ఉన్న చోట ఆర్‌సీసీబీ తప్పనిసరి అనేది ఇందుకే.

సాకెట్‌లో న్యూట్రల్‌ని ఎర్త్ పిన్‌కి చిన్న ముక్కతో కలిపేసి "ఎర్త్ ఇచ్చేశాం" అనే పనివాళ్లున్నారు. న్యూట్రల్ తెగిన రోజున ఆ వస్తువు బాడీ మీదికి 230 వోల్టులు వచ్చేస్తాయి. అలాంటిది కనపడితే వెంటనే తీయించండి.

కొన్ని లైట్లు మండిపోతున్నాయి, కొన్ని మసకబారాయి

మూడు ఫేజుల సరఫరాలో న్యూట్రల్ తెగింది. ఏమీ ఆలోచించకుండా మెయిన్ ఆపండి, కారణాలు తర్వాత. న్యూట్రల్ లేనప్పుడు రెండు ఫేజుల మీది లోడ్లు 400 వోల్టుల మధ్య వరసగా పడతాయి. ఒకదాని మీద 1000 వాట్ల హీటరు, ఇంకోదాని మీద 100 వాట్ల వస్తువు మాత్రమే ఉంటే ఆ చిన్నదాని మీద దాదాపు 364 వోల్టులు నిలుస్తాయి. ఎంసీబీకి, ఆర్‌సీసీబీకి ఇది కనిపించదు. న్యూట్రల్ జాయింట్లు సరిచేయించి, వోల్టేజి హద్దు మించితే సరఫరా ఆపేసే ఓవర్ వోల్టేజి రిలే పెట్టించాలి. న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజ్ మాత్రం ఉండకూడదు.

సాకెట్ కాగుతోంది, కాలిన వాసన

వదులు జాయింట్. అర ఓమ్ నిరోధం ఉన్న జాయింట్‌లో 10 ఆంపియర్లు పోతే ఆ ఒక్క చోటే 50 వాట్ల వేడి. కరెంటు మామూలే కాబట్టి బ్రేకర్ కదలదు. మాడిన తీగని మెరిసే లోహం దాకా కోసి కొత్తగా బిగించాలి. రాగి, అల్యూమినియం కలిసే చోట బైమెటల్ లగ్గు (రెండు లోహాలకీ సరిపడే కొస) వాడాలి. టేపు చుట్టడం మరమ్మతు కాదు.

ఒక లైన్‌లో షార్ట్‌కి మెయిన్ కూడా పడుతోంది

పెద్ద షార్ట్‌లో వెయ్యి ఆంపియర్లు వస్తే ఆ లైన్ 16 ఆంపియర్ల ఎంసీబీకీ, పైనున్న 40 ఆంపియర్ల మెయిన్‌కీ రెండింటికీ అయస్కాంత హద్దు దాటుతుంది. ఏది ముందు పడుతుందో చెప్పలేం. కిందిది మాత్రమే పడాలంటే పైన ఏది ఉండాలో చెప్పే, తయారీదారు ఇచ్చే సెలెక్టివిటీ పట్టిక చూసి పైది ఎంచుకోవాలి. ఆర్‌సీసీబీలకైతే పైన ఆలస్యంగా పడే ఎస్ రకం పెడతారు.

మూడు ఫేజుల మోటరు మూలుగుతోంది, ఓవర్‌లోడ్ రిలే పడుతోంది

ఒక ఫేజ్ పోయింది. నడుస్తున్న మోటరు మిగతా రెండు ఫేజుల్లో సుమారు 1.73 రెట్లు లాగుతుంది. రిలే పాయింటర్ పెంచి నడిపిస్తే వైండింగ్ కాలుతుంది. మోటరు పేరు పలక మీది కరెంటుకే రిలేని పెట్టి, ఫ్యూజులు, కాంటాక్టర్ పాయింట్లు చూడండి.

కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి ఆగిపోయింది

ఇది మీ ఇంట్లోది కాదు. ఓవర్‌హెడ్ లైన్ మీద ఫాల్ట్‌లు ఎక్కువగా కొమ్మ తగలడం లాంటి తాత్కాలికాలే కాబట్టి ఆటో రీక్లోజర్ (లైన్‌ని తనంతట తానే మళ్లీ కలిపే బ్రేకర్) ఒకటి రెండుసార్లు మళ్లీ కలిపి చూస్తుంది, ఫాల్ట్ పోకపోతే పూర్తిగా ఆపేస్తుంది. ఆ సమయంలో ఏసీ, ఫ్రిజ్ స్విచ్చులు ఆపి ఉంచండి.

దారిలో తీగ తెగి పడి ఉంటే మాత్రం ఊళ్లో కరెంటు పోయిందా లేదా అన్నదానితో పనిలేదు. ఎండిన నేల మీదో తారు రోడ్డు మీదో పడిన తీగ నుంచి సబ్‌స్టేషన్ రిలే గుర్తించేంత కరెంటు ప్రవహించకపోవచ్చు. నిప్పురవ్వలు రాకపోయినా అది ప్రాణమున్న తీగే కావచ్చు. కనీసం 10 మీటర్ల దూరంలో ఉండి, మిగతావాళ్లనీ పశువుల్నీ అటు రానివ్వకుండా చూసి, విద్యుత్ సంస్థకి ఫోన్ చేయండి. అప్పటికే దగ్గర్లో నిలబడి ఉంటే అంగలు వేయకుండా, పాదాలు ఎత్తకుండా నేలకి రాస్తూ చిన్నచిన్నగా వెనక్కి జరగండి.