వానరోజున కోనసీమ దాటి మడ అడవికి వెళ్తున్నారా?

ముసురు పట్టిన రోజున రావులపాలెం నుంచి అమలాపురం, యానాం మీదుగా కోరింగ మడ అడవి దాకా వెళ్లడమంటే నాకు ప్రాణం. తడిసిన కొబ్బరితోటలు, ఎదుర్లంక వంతెన మీద నుంచి కనిపించే గోదావరి పాయ గౌతమి ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. తప్పకుండా వెళ్లండి. కానీ బయలుదేరే ముందు మబ్బుల సంగతి కన్నా ధవళేశ్వరం సంగతి కనుక్కోండి.

గోదావరి లంకల్లో, అంటే నది మధ్య దీవుల్లో, దారిని ముంచేది మన నెత్తిన కురిసిన వాన కాదు, ఎగువన ఎక్కడో పడిన వాన. భద్రాచలం దగ్గర పెరిగిన నీరు ఇంచుమించు ఒక రోజుకు ఇక్కడికి చేరుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటిది వచ్చిందని తెలిస్తే చాలు, లంకల వైపు బండి తిప్పకండి. పంటు అనే బల్లకట్టు మీద ఏరు దాటే ఆలోచన కూడా మానుకోండి.

ఒక ఆగస్టులో ఎండ చక్కగా కాస్తోందని సముద్రానికి దగ్గరలోని ఒక లంకకు బయలుదేరాం. కాజ్‌వే మొదట్లో గేదెలను తోలుకొస్తున్న ఒక పెద్దాయన చేయి అడ్డుపెట్టి ఆపారు. "నీళ్ల రంగు చూశారా బాబూ? ఎర్రనీరు దిగింది. సాయంత్రం సముద్రపు పోటు కూడా తోడైతే మీరు ఇవతలికి రాలేరు" అన్నారు. ఎర్రనీరంటే ఎగువ నుంచి వచ్చే వరదనీరు. దిగి చూస్తే పాయ నిండా ఇటుకపొడి కలిపినట్టు ఉంది. సిమెంటు అంచు వెంట నురగ, అందులో ఎండుపుల్లలు గిర్రున తిరుగుతున్నాయి. అక్కడి నుంచే వెనక్కి వచ్చేశాం. సాయంత్రానికి ఆ కాజ్‌వే నీళ్లకింద ఉంది.

ఆయన చెప్పిన పోటు మాట గుర్తుంచుకోండి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ. ఆ వేళ సముద్రం ఎదురుతన్నడంతో వాననీరు, వరదనీరు తొందరగా లాగవు. దారి మీద నీరు పారుతుంటే ఎంత తక్కువగా కనిపించినా దిగకండి. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును కదిలిస్తుంది, రెండడుగులైతే చాలా వాహనాలను లాక్కుపోతుంది.

నాకు వరద కన్నా కాలువగట్టు దారులంటేనే ఎక్కువ భయం. చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. గుర్రపుడెక్క ఒత్తుగా అల్లుకున్న కాలువ మసక వెలుతురులో అచ్చం పచ్చికబయలులా కనిపిస్తుంది. ఎదురు బండికి దారి ఇవ్వాలని పక్కకు దించితే ఆ జిగట ఒండ్రులో చక్రం నిలవదు. అలాంటి చోట మీరే ముందుగా ఆగి, వెడల్పు ఉన్న దగ్గర వాళ్లను పోనివ్వండి. చీకటి పడ్డాక గట్టుదారి వద్దు, పెద్ద రోడ్డే పట్టుకోండి. గాలివాన మొదలైతే కొబ్బరిచెట్ల కింద బండి ఆపకండి, కాయలూ మట్టలూ రాలతాయి. సాయం కావాలంటే 112, అంబులెన్సుకు 108.

చొల్లంగి దగ్గర మడచెట్ల మధ్య వేసిన చెక్కదారి వానకు జారుతుంది, పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి. వానలో పడవ ఎక్కవద్దు. తిరుగు ప్రయాణంలో పొద్దుగూకితే అడవి పక్కన నెమ్మదిగా నడపండి. బావురుపిల్లులు, నక్కలు బయటికి వచ్చేది ఆ వేళకే.