మడత బండికి పేటెంట్ వస్తుందా? దరఖాస్తు ఎలా పెట్టాలి?

"చేత్తో తోసే మడత బండి తయారైంది సార్, రీల్ పెట్టాం, మంచి వ్యూస్ వచ్చాయి. ఇప్పుడు పేటెంట్ చేయిద్దామనుకుంటున్నాం." పేటెంట్ల పనిలో ఉన్నవాళ్లకు తరచూ వినబడే మాట ఇది. ఇందులో వరుస తిరగబడింది. రీల్ ఎక్కిన రోజే మీ బండి లోకానికి తెలిసిపోయినట్టు లెక్క. లోకానికి తెలిసిన వస్తువు చట్టం దృష్టిలో కొత్తది కాదు. ముందు దరఖాస్తు, ఆ తర్వాతే ప్రదర్శన. బండి చూపించిన ఏడాదిలోగా దరఖాస్తు పెట్టుకోవచ్చన్న వెసులుబాటు అమెరికాలో ఉంది. అక్కడి మనవాళ్లు అదే ధీమాతో ఇక్కడా ఆలస్యం చేస్తుంటారు. మన చట్టంలో మినహాయింపులు చాలా ఇరుకు: కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలు, తప్పనిసరై బహిరంగంగా చేసిన పరీక్షలు, అలాంటివే మరికొన్ని. కాలేజీ ఎక్స్‌పో, ఊళ్లో సంత, వాట్సాప్ గ్రూపు వీటి కిందకి వస్తాయని అనుకోకండి. తెలంగాణలో స్థానిక ఆవిష్కరణలను ప్రదర్శించే 'ఇంటింటా ఇన్నోవేటర్' లాంటి కార్యక్రమాలకు బండిని పంపేవాళ్లు కూడా ముందు ఒక దరఖాస్తు నంబరు తెచ్చుకుని పంపడం మంచిది.

మడవడం పాత సంగతే

పేటెంట్ల చట్టం, 1970 మూడు ప్రశ్నలు అడుగుతుంది. కొత్తదా? ఆ పని తెలిసిన మనిషికి ఇట్టే తట్టేదేనా? తయారుచేసి వాడుకోవడానికి వీలుందా? బండికి మూడో ప్రశ్నతో ఇబ్బందేమీ లేదు. తంటా అంతా మొదటి రెండింటితోనే.

"మడతపడే చక్రాల బండి" అన్న ఆలోచన మీది కాదు, నాదీ కాదు. అమెరికాలోని ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే కిరాణా దుకాణాల యజమాని 1936లో మడత కుర్చీని చూసి, దాని కాళ్లకు చక్రాలు, సీటు ఉండే చోట బుట్ట పెడితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. సూపర్ మార్కెట్ ట్రాలీ అలా పుట్టింది. అంటే మొట్టమొదటి షాపింగ్ కార్టే మడత బండి. దానికి 1940లో పేటెంట్ వచ్చింది. గొడుగులా ముడుచుకునే పిల్లల బండికి ఓవెన్ మెక్లారెన్ 1965లో బ్రిటన్‌లో దరఖాస్తు పెట్టాడు. ఆయన విమానాల ఇంజినీరు. ఇన్నేళ్ల తర్వాత "మా బండి మడతపడుతుంది" అంటే ఎగ్జామినర్ (దరఖాస్తును పరీక్షించే పేటెంట్ ఆఫీసు అధికారి) వీటినీ, వీటి తర్వాత వచ్చిన వందల పత్రాలనూ మీ ముందు పెడతాడు.

అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు. మీ బండి మడతపడేటప్పుడు ఏ భాగం ఏ భాగాన్ని కదిలిస్తోంది, దానివల్ల ఇంతకుముందు లేని ఏ పని జరుగుతోంది? పేటెంట్ అంటూ వస్తే ఆ జవాబుకే వస్తుంది.

ఒక బండిని ఊహించుకుందాం. కూరగాయల ట్రేలు మోసే నాలుగు చక్రాల బండి. అడుగున రెండు పలకలు, మధ్యలో మడతబందులతో కలిసి ఉంటాయి. నడుమ ఉన్న పట్టీని పైకి లాగితే పలకలు గుడారంలా లేచి, పక్క ఫ్రేములు రెండూ దగ్గరకొస్తాయి. ఇంతవరకూ ఉన్నది బజారులో దొరికేదే. అయితే ఈ బండిలో పలక కింద నుంచి ఒక సన్నటి తీగ వెనక చక్రం పక్కనున్న బ్రేకు కట్టకు వెళ్తుంది. పలక లేవగానే తీగ లాగి కట్టను చక్రానికి అదిమిపెడుతుంది. బండి విప్పితే తీగ వదులై స్ప్రింగు కట్టను వెనక్కి తీసుకుంటుంది. మడిచిన బండిని బస్సులో నిలబెడితే దొర్లిపోదు. బ్రేకు వేయాలని ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మడిస్తే చాలు. వెతికినప్పుడు ఇలాంటిది బయటపడకపోతే, అడగాల్సింది సరిగ్గా ఇదే.

ఇదే బండికి గొడుగు, తూకం, సోలార్ లైటు, ఫోన్ ఛార్జర్ తగిలించారనుకోండి. వాడేవాళ్లకు సుఖమే, అమ్మకాలూ బాగుంటాయి. కానీ గొడుగు నీడనిస్తుంది, తూకం తూస్తుంది, దేని పని దానిదే. తెలిసిన వస్తువులు ఎవరి పని వాళ్లు చేసుకుంటూ ఒకచోట చేరితే అది ఆవిష్కరణ కాదని సెక్షన్ 3లోని ఎఫ్ క్లాజు చెబుతుంది. బండి దరఖాస్తులకు ఎదురయ్యే అభ్యంతరాల్లో ఇది ముఖ్యమైనది. పైపు మందం తగ్గించడం, చక్రం సైజు పెంచడం, ఇనుము తీసి అల్యూమినియం వేయడం మంచి పనితనమే గాని, ఒంటరిగా వాటితో నెగ్గుకురావడం కష్టం. మీర్జాపూర్ ఇత్తడి పాత్రల తయారీదారుల మధ్య, పాత్రను లేతు మీద పట్టి ఉంచే పరికరంపై నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1978లో తేల్చింది ఇదే: వర్క్‌షాపులో ఎవరైనా చేసుకునే మెరుగు పేటెంట్‌కు చాలదు. ఆ పేటెంట్ రద్దయింది.

ముందు వెతకండి

ఒక ఆదివారం దీనికే కేటాయించండి. గూగుల్ పేటెంట్స్, మన పేటెంట్ ఆఫీసువారి వెతుకులాట వెబ్‌సైట్ ఇన్‌పాస్ రెండూ ఉచితం. "ఫోల్డింగ్ కార్ట్" అని కొట్టి ఊరుకుంటే లాభం లేదు, ఎందుకంటే పేటెంట్ రాసేవాళ్లు కుర్చీని కూడా "కూర్చునే ఆధారం" అనే రకం. పేటెంట్లను రకాలవారీగా విడదీసే వర్గీకరణ కోడ్‌తో వెతకండి. చేత్తో తోసే బండ్లన్నీ బి62బి కింద ఉంటాయి. ఒకటికి మించి ఇరుసులుండి మడిచే, విప్పే వీలున్నవి బి62బి 3/02లో, పిల్లల మడత బండ్లు బి62బి 7/06లో చూడండి. చైనా యుటిలిటీ మోడళ్లు కుప్పలుగా వస్తాయి. విసుగొచ్చినా బొమ్మలు మాత్రం చూడండి, ఎగ్జామినర్ కూడా అవే చూస్తాడు. మన దేశంలో యుటిలిటీ మోడల్ అనే చిన్న పేటెంట్ లేదు. ఉంటే మన వెల్డింగ్ షాపుల వాళ్లకు ఎంతో మేలు జరిగేది.

మీ బండికి బాగా దగ్గరగా ఉన్న మూడు పత్రాలు తీసి, ఒక్కో దాని పక్కన "ఇందులో లేనిది, నా దాంట్లో ఉన్నది" అని తెలుగులోనే రాసుకోండి. ఆ కాగితమే తర్వాత మీ దరఖాస్తుకు వెన్నెముక.

క్లెయిమ్ రాయడం

స్పెసిఫికేషన్‌లో, అంటే ఆవిష్కరణను వివరించే పత్రంలో, బండి గురించి ఎంత వర్ణించినా, హక్కు మాత్రం చివర ఉండే క్లెయిమ్‌లకే. ఒక్కో క్లెయిమ్ ఒక్క వాక్యం. "తేలికైన, బలమైన, మడతపడే బండి" అని రాస్తే అది ప్రకటన అవుతుంది గాని క్లెయిమ్ కాదు. పై బండికి మొదటి క్లెయిమ్ సారం ఇలా ఉండాలి: రెండు పక్క ఫ్రేములు, వాటి మధ్య మడతపడే పలకలు, కనీసం ఒక చక్రానికి బ్రేకు భాగం, పలకనూ బ్రేకు భాగాన్నీ కలిపే అనుసంధానం ఉన్న బండి, పలక మడత స్థితికి కదిలినప్పుడు ఆ అనుసంధానం బ్రేకు భాగాన్ని చక్రంపైకి నెడుతుంది.

ఇక్కడ "తీగ" అనకుండా "అనుసంధానం" అనడం గమనించండి. తీగ అని రాస్తే పక్క ఊరివాడు తీగ తీసి ఇనుప కడ్డీ వేస్తాడు, మీ పేటెంట్ గోడకు వేలాడుతుంది. తీగను రెండో క్లెయిమ్‌లో, స్ప్రింగును మూడో దాంట్లో పెట్టుకోండి. మొదటిది మరీ వెడల్పని ఎగ్జామినర్ కొట్టేస్తే వెనక్కి తగ్గడానికి మెట్లుంటాయి. కడ్డీతో ఎలా పనిచేస్తుందో వివరణలో, బొమ్మలో ముందే చూపాలి. దరఖాస్తు పెట్టాక కొత్త విషయం చేర్చనివ్వరు.

బొమ్మలు ఏ4 కాగితం మీద నలుపు గీతలతో గీయాలి, భాగాలకు అంకెలు వేయాలి. ఫొటోల కంటే గీతబొమ్మలే మేలు. విప్పిన స్థితి, సగం మడిచింది, పూర్తిగా మడిచింది, బ్రేకు దగ్గర పెద్దది చేసి చూపింది, ఈ నాలుగు తప్పనిసరిగా ఉండాలంటాను. సారాంశం 150 పదాలు దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, స్పెసిఫికేషన్ ఇంగ్లిషులో గాని హిందీలో గాని ఉండాలి. తెలుగులో తీసుకోరు.

ఫారాలు, ఫీజులు

రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నై పేటెంట్ ఆఫీసే. అది గిండీలో ఉంది, కానీ అక్కడిదాకా వెళ్లే పని లేదు. డిజిటల్ సంతకం తీసుకుని ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. కాగితాలు నేరుగా ఇస్తే ఫీజు 10 శాతం ఎక్కువ.

దరఖాస్తుకు ఫారం 1, స్పెసిఫికేషన్‌కు ఫారం 2, విదేశీ దరఖాస్తుల వివరాలకు ఫారం 3, ఆవిష్కర్తల ప్రకటనకు ఫారం 5. ఏజెంటు ద్వారా వెళ్తే ఫారం 26, చిన్న సంస్థగానో స్టార్టప్‌గానో రాయితీ కావాలంటే ఫారం 28. మడత కీలు ఆలోచన షాపులోని కుర్రాడిదైతే అతని పేరు ఆవిష్కర్తగా ఉండాల్సిందే, హక్కు మీకు రాసిచ్చినట్టు సంతకమూ ఉండాలి. యజమానిని కదా అని అతని పేరు వదిలేస్తే రేపు అదే కోర్టులో మీ మెడకు చుట్టుకుంటుంది.

వ్యక్తులకు ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు, 30 పేజీలు, 10 క్లెయిమ్‌ల వరకు. ఆపైన పేజీకి 160, క్లెయిమ్‌కు 320. రాయితీ లేని కంపెనీలకు ఇదే 8,000. బండి ఇంకా పూర్తి కాకపోతే ప్రొవిజనల్ (తాత్కాలిక) స్పెసిఫికేషన్‌తో దరఖాస్తు తేదీ పట్టుకోండి, దానికీ అదే ఫీజు. 12 నెలల్లోగా పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వాలి, ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసినట్టే. ప్రొవిజనల్ అంటే రెండు పేజీల చిట్టీ అనుకోవద్దు. తీగ, బ్రేకు సంగతి అందులో లేకపోతే ఆ తేదీ వాటికి వర్తించదు.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుని ఇంటికి పోతారు. దరఖాస్తును పరీక్షించమని అడిగే ఫారం 18 పెట్టనిదే ఎవరూ మీ ఫైలు తెరవరు. దానికి వ్యక్తులకు 4,000 రూపాయలు. 2024 మార్చి 15న నిబంధనలు మారాయి, ఈ ఫారానికి అంతకుముందు 48 నెలలున్న గడువు 31 నెలలకు తగ్గింది. పాత వీడియోలు చూసి 48 నెలలు ఉందిలే అనుకుంటే దరఖాస్తు పోతుంది. స్టార్టప్‌లు, చిన్న సంస్థలు, దరఖాస్తుదారుల్లో కనీసం ఒక మహిళ ఉన్నవాళ్లు ఫారం 18ఎ కింద 8,000 కట్టి త్వరిత పరీక్ష అడగవచ్చు.

గ్రామీణ ఆవిష్కర్తలైతే సొంత ఖర్చు పెట్టే ముందు ఇలాంటివారికి తోడ్పడే సంస్థలైన హైదరాబాద్‌లోని పల్లెసృజనను, గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌ను ఒకసారి అడిగి చూడండి.

పెట్టిన తర్వాత

దరఖాస్తు మామూలుగా 18 నెలలకు ప్రచురితమవుతుంది. వ్యక్తులైతే 2,500 కట్టి ఫారం 9 ఇస్తే ముందే ప్రచురిస్తారు. ఆ తర్వాత ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్ట్ వస్తుంది. అందులో అభ్యంతరాలు పేజీలకు పేజీలు ఉన్నాయని కంగారు పడొద్దు, ఉండటమే మామూలు. జవాబుకు 6 నెలలు, ఫీజు కడితే కొంత పొడిగింపు. "వాళ్ల బండి వేరు, మా బండి వేరు" అనే జవాబు నిలబడదు. వాళ్ల పత్రంలోని ఫలానా బొమ్మలో బ్రేకు ఉంది, కానీ దాన్ని కాలితో వేయాలి, పలకతో సంబంధం లేదు, కాబట్టి మడిచినప్పుడు దానంతటది పడదు, అని భాగం భాగంగా చెప్పాలి. అవసరమైతే వీడియోలో విచారణ ఉంటుంది.

ఈలోగా బండి అమ్ముకోవచ్చు. కానీ దాని మీద "పేటెంటెడ్" అని రాయించకండి. రాని పేటెంట్ వచ్చిందని చెప్పుకుంటే సెక్షన్ 120 కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. దరఖాస్తు పెట్టామని రాసుకుంటే తప్పులేదు. విదేశాల్లోనూ కావాలంటే ఇక్కడి దరఖాస్తు తేదీ నుంచి 12 నెలల్లోపే కదలాలి. ఇక్కడ పెట్టకుండా నేరుగా బయట పెట్టాలంటే ముందస్తు అనుమతి ఉండాలి.

పేటెంట్ వస్తే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది, మూడో ఏడాది నుంచి ఏటా రెన్యువల్ కట్టాలి. వ్యక్తులకు మొదట ఏటా 800, ఏడో ఏడాది నుంచి 2,400, పదకొండు నుంచి 4,800, పదహారు నుంచి 8,000. మొత్తం కడితే 76,800 అవుతుంది. బండి ఇక అమ్ముడుపోదనిపిస్తే రెన్యువల్ మానేసి పేటెంట్‌ను వదులుకోవడం కూడా లెక్కలో భాగమే.

రూపం మాత్రమే మీదైతే

వెతికాక మడత విధానంలో కొత్తదేమీ లేదని తేలి, చూపుకు మాత్రం బండి కొత్తగా ఉంటే డిజైన్ల చట్టం, 2000 కింద వెళ్లండి. ఇది కలకత్తా ఆఫీసు చూస్తుంది, వ్యక్తులకు ఫీజు 1,000 రూపాయలు, రక్షణ పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదు. చేతిబండ్ల తరగతి 12-02. ఇక్కడ కంటికి కనబడే ఆకారానికే విలువ. కీలు ఎలా పనిచేస్తుందో ఇందులో లెక్కకు రాదు, ఆకారం మార్చి అదే కీలు వాడుకునేవాణ్ని ఈ రిజిస్ట్రేషన్ ఆపలేదు. దీనికీ రీల్ పెట్టకముందే దరఖాస్తు పడాలి.