మలాశయ క్యాన్సర్‌కు రేడియేషన్ ప్లానింగ్: స్కాన్ల దగ్గర ఏం చూసుకోవాలి

రేడియేషన్ విభాగంలో కొత్తగా చేరే పీజీలకూ టెక్నాలజిస్టులకూ నేను మొదట చెప్పే మాట ఇది: మలాశయ క్యాన్సర్‌లో సీటీ బల్ల మీద చెడిపోయినదాన్ని కంప్యూటర్ ముందు కూర్చుని బాగుచేయలేం. అందుకే ఆ బల్ల దగ్గరే ఎక్కువసేపు నిలబడండి.

అంతకన్నా ముందు ఎంఆర్‌ఐ తెరవండి. రిపోర్టు చదివి ఊరుకోకుండా బొమ్మలు మీరే చూడండి. టీ2 రకం బొమ్మలు 3 మి.మీ. మందంలో, కణితి ఉన్నచోట పేగుకు సరిగ్గా అడ్డంగా తీసి ఉండాలి. ఏటవాలుగా తీస్తే గోడ దాటని కణితి కూడా దాటినట్టు కనబడుతుంది. మలద్వారం అంచు నుంచి కణితి ఎంత ఎత్తులో మొదలైందో, మీసోరెక్టమ్ (మలాశయం చుట్టూ ఉండే కొవ్వు) పొరకు ఎంత దగ్గరగా ఉందో రాసుకోండి. ఆ దూరం 1 మి.మీ. గానీ అంతకన్నా తక్కువగానీ అయితే పొర ప్రమాదంలో ఉన్నట్టే. గోడ బయటి సిరల్లోకి పాకిందా అన్నది తర్వాత. కటి గోడ వెంట ఉండే పక్క లింఫ్ గ్రంథుల్ని మాత్రం వదలొద్దు. మామూలు ఆపరేషన్‌లో అవి బయటికి రావు. అడ్డుకొలత 7 మి.మీ. లేదా అంతకు మించి ఉంటే, ప్లానింగ్ మొదలుపెట్టకముందే సర్జన్‌తో మాట్లాడండి.

ఇక సిమ్యులేషన్, అంటే చికిత్సలో పడుకునే తీరులోనే తీసే ప్లానింగ్ సీటీ. మూత్రానికి వెళ్లి రమ్మని, అర లీటరు నీళ్లు తాగించి, ముప్పావు గంట ఆగుతాం. బ్లాడర్ నిండితే చిన్నపేగులు పైకి జరిగి రేడియేషన్ నుంచి తప్పుకుంటాయి. కాగితం మీద ఇంతే. కానీ తెల్లవారుజామున బస్సెక్కి, దారిలో మూత్రానికి ఇబ్బంది అవుతుందని నీళ్లే ముట్టకుండా వచ్చే పేషెంట్లు మనకు ఎక్కువ. ఒళ్లు ఎండిపోయి ఉన్న మనిషికి ముప్పావు గంటలో బ్లాడర్ నిండదు. ముందురోజే ఫోన్‌లో చెప్పండి, వచ్చాక కాసేపు కుదురుకోనివ్వండి. స్కాన్‌కు ముందు, ‘పెద్దాయనా, ఇలాగే రోజూ ఆపుకోగలరా?’ అని అడగండి. మూడు నాలుగు వారాలకు మూత్రంలో మంట మొదలవుతుంది. అప్పుడూ ఓర్చుకోగలిగినంతే నింపండి. మొదటిరోజు పట్టుబట్టి నిండా నింపితే, ఆ నిండుదనం మళ్లీ ఒక్కరోజూ రాదు.

అసలు స్కాన్‌కు ముందు వచ్చే తొలి బొమ్మ టోపోగ్రామ్‌లో మలాశయం గాలితో ఉబ్బి కనిపిస్తే స్కాన్ ఆపండి. పేషెంటును దించి, గాలి పోయాక మళ్లీ పడుకోబెట్టండి. బోర్లా పడుకోబెట్టి పొట్ట కిందికి జారేలా మధ్యలో ఖాళీ ఉన్న బెల్లీ బోర్డు వాడితే పేగులు ముందుకు జారతాయన్నది నిజమే. అయినా వీమ్యాట్ (యంత్రం చుట్టూ తిరుగుతూ రేడియేషన్ ఇచ్చే పద్ధతి) ఉన్నచోట నేను వెల్లకిలానే ఎంచుకుంటాను, రోజూ అదే తీరులో పడుకోవడం తేలిక. పొట్టమీద స్టోమా సంచి (మలం పడే సంచి) ఉన్నవాళ్లను బోర్లా పడుకోమనడం అన్యాయం కూడా.

మలద్వారం అంచున చిన్న సీసపు గుండు పెట్టాలి. కింది కణితుల్లో అది లేకపోతే కొలత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఏం చేస్తున్నామో ముందే చెప్పండి, దుప్పటి కప్పండి, ఆడవాళ్లకైతే ఆడ సిబ్బందే పెట్టాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశాకే కాంట్రాస్ట్ మందు ఎక్కించాలి. రెండో నడుము పూస నుంచి తొడ మధ్య వరకు 3 మి.మీ. ముక్కలు చాలు. పిల్లలు కావాలనుకునే వయసువాళ్లతో వీర్యం దాచుకోవడం, అండాశయాలను పైకి జరపడం గురించి ఈ దశకు ముందే మాట్లాడి ఉండాలి.

మోతాదు లెక్క సీటీ మీద నడుస్తుంది, కణితి ఎంఆర్‌ఐలో తెలుస్తుంది. రెంటినీ కలిపేటప్పుడు మొదట త్రికాస్థిని (నడుము కింది ఎముకను) సరిపోల్చండి. ఎముకలు అతికినట్టు కుదిరినా మలాశయం కుదరకపోవచ్చు, ఎంఆర్‌ఐ నాడు బ్లాడర్, గాలి వేరుగా ఉండి ఉంటాయి. కాబట్టి కణితి గీతను అక్కడి నుంచి ఎత్తి ఇక్కడ అతికించకండి. మలద్వారం నుంచి ఎత్తు, కణితి ఏ గోడమీద ఉందన్నది ఆనవాళ్లుగా పెట్టుకుని సీటీలో మళ్లీ గీయండి.

సీటీవీలో (రేడియేషన్ తప్పక అందాల్సిన ప్రాంతంలో) మీసోరెక్టమ్ మొత్తం, త్రికాస్థి ముందు భాగం, కటి లోపలి ఇంటర్నల్ ఇలియాక్, ఆబ్ట్యురేటర్ లింఫ్ గ్రంథులు వస్తాయి. బ్లాడర్ రోజూ మారుతుంది గనుక ముందువైపు దానిలోకి 1 సెం.మీ. చేర్చండి. ఎక్స్‌టర్నల్ ఇలియాక్ గ్రంథుల్ని అందరికీ కలపొద్దు. కణితి ముందున్న బ్లాడర్‌లోకో, ప్రోస్టేట్‌లోకో, గర్భసంచిలోకో చొచ్చుకుపోయినప్పుడే. పేగులు కదలగల చోటంతా కలిపి పేగు సంచిగా గీస్తే, 45 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) పడే భాగం 195 సీసీకి లోపు ఉండాలి.

25 రోజుల్లో 45 గ్రే, ఆపైన 3 రోజుల్లో 5.4 గ్రే ఇచ్చే పద్ధతిలోనూ, 5 రోజుల్లో 25 గ్రే ఇచ్చే పద్ధతిలోనూ రోజూ చికిత్స బల్ల మీదే తీసే కోన్‌బీమ్ సీటీలో ఎముకలతోపాటు మలాశయం, బ్లాడర్ కూడా చూడండి. వరుసగా కొన్నిరోజులు మలాశయం గీత దాటుతుంటే కొత్తగా స్కాన్ తీసి ప్లాన్ మార్చాలి. అయిదు రోజుల పద్ధతిలో అంత వ్యవధి ఉండదు. ఒక్క రోజు గురి తప్పితే అయిదో వంతు మోతాదు తప్పినట్టే. బయట ఎంతమంది ఎదురుచూస్తున్నా సరే, ఆ పేషెంటును దించి, నీళ్లు తాగించి, నిండాకే మళ్లీ ఎక్కించండి.