మెదడులో మార్పా, యంత్రం తెచ్చిన తేడానా?

విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా మామూలు స్కానుకు యంత్రం కంపెనీ ఇచ్చిన ప్రోటోకాల్ (స్కాను సెట్టింగుల పట్టిక) నడిపితే సరిపోతుంది. పార్కిన్సన్స్ వంటి మెదడు జబ్బుల కోసం కొత్త ఎంఆర్‌ఐ పద్ధతులు సిద్ధం చేసేవారికి ఆ సుఖం లేదు. చిత్రంలో తేడా కనిపిస్తే ముందు యంత్రాన్నీ, స్కాను తీసిన తీరునూ అనుమానించాలి.

సమస్య: డిఫ్యూజన్ చిత్రంలో (మెదడులో నీటి కదలికను చూపేది) నుదుటి వెనుక భాగం నొక్కుకుపోయినట్టో, సాగిపోయినట్టో ఉంది.
కారణం: సైనస్‌లలోని గాలి పక్కన అయస్కాంత క్షేత్రం చెదురుతుంది. వేగంగా తీసే ఈపీఐ పద్ధతిలో ఆ కొద్దిపాటి తేడాకే చిత్రం చాలా దూరం జరుగుతుంది.
పరిష్కారం: ఫేజ్ ఎన్‌కోడింగ్ దిశను (చిత్రం వంకరపోయే దిశ ఇదే) తిప్పి మరికొన్ని బీ-జీరో చిత్రాలు (డిఫ్యూజన్ ప్రభావం లేకుండా తీసేవి) తీయండి. రెండింటినీ పోల్చి సాఫ్ట్‌వేర్ వంకర సరిచేస్తుంది. అవి అప్పుడే తీయాలి; పేషెంటు ఇంటికి వెళ్లాక తలపట్టుకుని లాభం లేదు.

సమస్య: 3 టెస్లా బలమున్న అయస్కాంతంతో తీసిన స్కానులో స్వాలో టెయిల్ అనే గుర్తు కనిపించడం లేదు.
కారణం: ఆరోగ్యవంతుల నడిమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగం నలుపు మధ్య చిన్న తెల్లని గీత ఉంటుంది; దాంతో కనిపించే చీలిన తోక ఆకారమే స్వాలో టెయిల్. పార్కిన్సన్స్‌లో అది సాధారణంగా మాయమవుతుంది. అయితే తల కాస్త కదిలినా, స్లైసు మందంగా ఉన్నా, కోణం తప్పినా కూడా మాయమవుతుంది. వణుకున్న మనిషిని కదలకుండా పడుకోమంటే ఎలా?
పరిష్కారం: ముందు అదే స్కానులో, నడిమెదడులోనే పక్కన ఉండే రెడ్ న్యూక్లియస్ అనే భాగం అంచు చూడండి. అదీ మసకబారితే దోషం కదలికదే కావచ్చు, జబ్బు మాట ఎత్తకండి. తలకు రెండు వైపులా మెత్తలు పెట్టి, పలుచని స్లైసులతో, వీలైనంత తక్కువ సమయంలో మళ్లీ తీయండి. వణుకు మందుల వేళలు మార్చాలంటే న్యూరాలజిస్టు చెప్పాల్సిందే.

సమస్య: తల చిత్రంలో ఒక పక్క నల్లని గొయ్యి.
కారణం: చాలాసార్లు జడపిన్ను.
పరిష్కారం: "లోహం ఏమైనా ఉందా?" అంటే లేదనే అంటారు. తాళికి గుచ్చిన పిన్నీసు లోహమని ఎవరికి గుర్తుంటుంది? "జడపిన్నులు, పిన్నీసులు తీశారా అమ్మా?" అని పేరు పెట్టి అడగండి. పిన్నీసు చిత్రాన్ని చెడగొట్టడంతో ఆగదు, అయస్కాంతం వైపు ఎగిరి వస్తుంది.

సమస్య: చిత్రానికి అడ్డంగా చుక్కల గీత.
కారణం, పరిష్కారం: బయటి రేడియో తరంగాలు లోపలికి వస్తున్నాయి. తలుపు సరిగ్గా మూసి, దాని అంచు రాగి పట్టీలు తుడవండి.

సమస్య: రోగుల స్కాను అంకెలకూ ఆరోగ్యవంతుల అంకెలకూ అందమైన తేడా వచ్చింది.
కారణం: ఓపీ అయ్యాక రోగులందరినీ మధ్యాహ్నం, వాలంటీర్లను పొద్దున్నే స్కాన్ చేసి ఉంటారు. వరుసగా పనిచేసే కొద్దీ యంత్రంలోని గ్రేడియంట్ కాయిల్స్ (అయస్కాంత క్షేత్రాన్ని మార్చే తీగచుట్టలు) వేడెక్కి సంకేతం బలం మెల్లగా జారుతుంది. మే నెలలో యంత్రాన్ని చల్లబరిచే చిల్లర్ మొరాయిస్తే ఇక చెప్పనక్కర్లేదు.
పరిష్కారం: రెండు గుంపులనూ కలిపి వరుస వేయండి. పొద్దున, మధ్యాహ్నం ఒకే ఫాంటమ్‌ను (యంత్రాన్ని పరీక్షించడానికి వాడే నమూనా వస్తువు) స్కాన్ చేయండి. డిఫ్యూజన్ మధ్యమధ్యలో బీ-జీరో చిత్రాలు పెడితే ఆ జారుడును లెక్కగట్టి తీసేయవచ్చు. ఆ తర్వాత కూడా తేడా నిలిస్తే అప్పుడు న్యూరాలజిస్టుకు ఫోను చేయండి.