న్యూట్రినో ద్రవ్యరాశి లెక్క ఎలా కుదిరిందంటే (నా అనుభవం)

అనంతపురంలో ఇంటి కంప్యూటర్ మీదే విశ్వ నేపథ్య వికిరణాన్ని (బిగ్ బ్యాంగ్ తర్వాత మిగిలిన తొలి వెలుగును) కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం డేటాతో మూడు రకాల న్యూట్రినోల (ఆవేశం లేని, అతి తేలికైన కణాల) మొత్తం ద్రవ్యరాశి అంచనా వేస్తున్నాను. చెయిన్లు (సరిపోయే విలువల కోసం అడుగడుగునా వెతికే లెక్కల వరుసలు) ఎంతకీ కుదురుకోవు, ఒకటే టెన్షన్. గ్రాఫు గీస్తే కారణం దొరికింది. ద్రవ్యరాశి పెంచి హబుల్ స్థిరాంకం (విశ్వం ఇప్పుడు విస్తరిస్తున్న వేగం) తగ్గిస్తే విశ్వ నేపథ్య వికిరణంలోని హెచ్చుతగ్గుల గ్రాఫులో శిఖరాల స్థానాలు దాదాపు మారవు. చెయిన్ ఆ ఇరుకు దారిలోనే తిరుగుతోంది. మొదటి చెయిన్ కోవేరియన్స్ మ్యాట్రిక్స్‌ను (ఏ విలువలు కలిసి ఎలా మారతాయో చెప్పే పట్టికను) తర్వాతి దానికి ఇస్తే వేగం పెరిగింది.

అసలు మందు మాత్రం గెలాక్సీల సర్వేల్లోని బేరియాన్ డోలనాల (తొలి విశ్వంలోని ధ్వని తరంగాలు గెలాక్సీల అమరికలో వదిలిన ముద్రల) కొలతలే. అవి విస్తరణ వేగాన్ని విడిగా బిగిస్తాయి. ప్లాంక్ 2018 ఫలితాల్లో లెన్సింగ్‌తో (దారిలోని పదార్థం గురుత్వం ఆ వెలుగును వంచడం) కలిపి 0.24 ఎలక్ట్రాన్ వోల్టులున్న గరిష్ఠ పరిమితి వీటితో 0.12కి దిగింది. నాకూ దాదాపు అంతే వచ్చింది! న్యూట్రినో డోలన ప్రయోగాల ప్రకారం కనీసం 0.06 ఉండాలి. ప్లాంక్ పెద్ద కోణాల ధ్రువణ డేటాను (ఆకాశంలో పెద్ద ప్రాంతాల మీద ఆ వెలుగు తరంగాలు కంపించే దిశల కొలతలను) మాత్రం తీసేయకండి, పరిమితి మళ్లీ వదులవుతుంది.