పుంగనూరు ఆవులు, ఫ్యాన్సీ కోళ్ళు: దేనికి దేన్ని జత కట్టాలి

ఈమధ్య ఎకరమో రెండెకరాలో ఉన్న ప్రతి ఒక్కళ్ళకీ రెండు పుంగనూరు ఆవులు, పట్టులాంటి ఈకలుండే సిల్కీ కోళ్ళు నాలుగు పెట్టుకోవాలని ఉంటోంది, 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో పుంగనూరు ఆవులకి గడ్డి పెడుతున్న వీడియో వచ్చాక మరీను. పెంచడం అంత కష్టమేం కాదు, పొట్టి ఆవుకి రోజుకి ఐదు కిలోల మేత చాలంటారు, కోళ్ళు ఎలాగూ పెరట్లో తిరుగుతాయి. తిప్పలన్నీ పిల్లలు తీయించేటప్పుడే. ఏ మగదాన్ని ఏ ఆడదానికి జత చేస్తున్నామో చూసుకోకపోతే మూడు నాలుగేళ్ళకి కొట్టంలో ఉన్నది ఏ జాతో మనమే చెప్పలేం, అందుకని ఇక్కడ ఎక్కువగా దాని గురించే రాస్తున్నా.

ముందు ఆవు కొనడం. పుంగనూరు చిత్తూరు జిల్లా జాతి, పెద్దయ్యాక కూడా 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, 115 నుంచి 200 కిలోల బరువు, నుదురు వెడల్పుగా, కొమ్ములు పొట్టిగా, తోక కుచ్చు దాదాపు నేలకి రాసుకుంటా ఉంటది. పాలు తక్కువే ఇస్తుంది గానీ ఫ్యాట్ 8 శాతం దాకా ఉంటుందని పేరు. "మినీ ఆవు సార్" అని చూపించేవాటిల్లో కొన్ని కడుపునిండా పాలు లేక గిడసబారిన నాటు దూడలు, అందుకే నోరు తెరిచి పళ్ళు చూడండి. ఇంకా పాలపళ్ళే ఉంటే అది పెరిగే దూడ, ఎంత పెరుగుద్దో దేవుడికే తెలియాలి. నాలుగు పళ్ళో ఆరు పళ్ళో వేసిందైతే ఆ ఎత్తు నమ్మొచ్చు. తల్లిని చూపించమంటే సవాలక్ష సాకులు చెప్పేవాళ్ళ దగ్గర నేనైతే కొనను. డబ్బులిచ్చే ముందు బ్రూసెల్లా, టీబీ పరీక్షలు చేయించండి, బ్రూసెల్లా జబ్బు ఉన్న ఆవు ఈసుకుపోతుంది, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోతుంది, మనుషులకీ అంటుకుంటుంది. ఇంటికి తెచ్చాక కూడా ఒక నెల విడిగా కట్టేసి ఉంచాలి.

పెయ్యని ఎప్పుడు కట్టించాలి అంటే వయసు ఒక్కటే చూడొద్దు, బరువు చూడండి, పెద్దయ్యాక ఉండే బరువులో 60-65 శాతం వచ్చాకే. ఇంట్లో కాటా ఎక్కడుంటది అంటారేమో, టేపు చాలు. ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత ఇంచుల్లో తీసుకుని, దాన్ని దాంతోనే గుణించి, భుజం ముందు నుంచి తుంటి ఎముక చివరిదాకా ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి 660తో భాగిస్తే సుమారుగా కిలోలు వస్తాయి. ఛాతీ 45, పొడవు 36 ఇంచులు ఉందనుకోండి, 110 కిలోలన్నమాట.

ఎదకి వచ్చినప్పుడు అరుస్తా ఉంటది, మేత మీద ధ్యాస ఉండదు, పక్క ఆవు మీదకి ఎక్కుద్ది, వెనకనుంచి గాజులాంటి తీగలు వేస్తుంది. కొన్ని ఆవులు నోరెత్తవు, ఆ తీగ తోకకి అంటుకుని ఎండిపోయి మెరుస్తా ఉంటే తప్ప తెలీదు, కాబట్టి పొద్దున పేడ ఎత్తేటప్పుడే తోక వైపు ఒక చూపు వేయండి. పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున సూది, అంటే ఆబోతు వీర్యం, వేయించాలి. 21 రోజులకి మళ్ళీ పొర్లితే, అంటే మళ్ళీ ఎదకొస్తే, చూలు కట్టలేదని అర్థం. పొర్లకపోయినా రెండు మూడు నెలలకి చూడి పరీక్ష చేయించాల్సిందే, ఊరికే ఆశతో నెలలు గడిపేయొద్దు.

సూది వేయడానికి వచ్చిన అబ్బాయి క్యాన్ మూత తీసే ముందే అడగండి. మా దగ్గర ఈ మాటలు ప్రతిసారీ నడుస్తాయి. "తమ్ముడూ, ఏ జాతిది తెచ్చావ్, స్ట్రా చూపించు." "జెర్సీ అక్కా, పాలు బాగా వస్తాయి కదా." "పాల సంగతి తర్వాత, దూడ బయటికి రావద్దూ?" స్ట్రా అంటే వీర్యం నింపిన సన్నటి గొట్టం, దాని మీద జాతి, ఆబోతు నంబరు ప్రింటయి ఉంటాయి, చదివి పుస్తకంలో రాసుకోండి. మూడడుగులు కూడా లేని ఆవుకి జెర్సీనో ఒంగోలో వేయిస్తే కడుపులో దూడ తల్లి కటికి మించి పెరిగి ఈత కష్టమైపోతుంది, ఆవు దక్కితే అదృష్టమే. పుంగనూరు సిమెన్ దొరక్కపోతే ఒక ఎద వదిలేసుకోవడమే నయం. చిత్తూరు జిల్లా పలమనేరులో వెటర్నరీ యూనివర్సిటీ వాళ్ళ పశు పరిశోధన కేంద్రం ఈ జాతి మీదే పనిచేస్తుంది, ముందుగా అక్కడ అడిగి చూడండి.

సొంత ఆబోతు పెట్టుకుందాం అనుకునేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి, మూడేళ్ళు తిరిగేసరికి దాని కూతుళ్ళే దాని ముందు ఎదకొస్తాయి. ఈలోపే దాన్ని మార్చేయాలి, లేదా ఇంకో రైతుతో మార్పిడి చేసుకోవాలి. రెండావులకి ఆబోతుని మేపడం దండగ కూడా.

ఇంకా పొట్టి, ఇంకా పొట్టి అని వెంటపడటం కూడా మంచిది కాదు. ఐర్లాండులో డెక్స్టర్ అని ఒక పొట్టి ఆవుల జాతి ఉంది, వాటిల్లో పొట్టితనం ఇచ్చే జీన్ ఒకటి ఉన్న రెండింటిని కలిపితే సగటున నాలుగింట ఒక దూడ ఆకారం లేకుండా చచ్చి పుడుతుంది. మన పుంగనూరులో అదే జీన్ ఉందని కాదు నేననేది, కానీ కోళ్ళల్లో అచ్చం ఇలాంటిదే ఉంది. జపనీస్ బాంటమ్ అనే చిన్న కోళ్ళ జాతిలో నేలకి అంటుకున్నట్టుండే పొట్టి కాళ్ళ పుంజుకి పొట్టి కాళ్ళ పెట్టనే కడితే గుడ్లల్లో పావు వంతు లోపలే పోతాయి, జనం ఇంక్యుబేటర్ బాలేదని తిట్టుకుంటారు. ఒక వైపు కొంచెం పొడుగు కాళ్ళది పెడితే ఆ బాధ ఉండదు. ఈకలు వెనక్కి తిరిగి ఉండే ఫ్రిజిల్ కూడా అంతే, రెండు ఫ్రిజిళ్ళని కలపొద్దు, పిల్లల్లో కొన్నిటికి ఈకలు పెళుసుగా విరిగిపోయి ఒళ్ళంతా బోడిగా అయిపోతుంది. ఫ్రిజిల్‌కి మామూలు ఈకలదాన్ని కట్టండి, సగం ఫ్రిజిళ్ళే వస్తాయి. సిల్కీని నాటు పెట్టకి కలిపితే మొదటి తరంలో పట్టులాంటి ఈకలు ఒక్కదానికీ రావు, ఆ పిల్లల్ని మళ్ళీ సిల్కీకి కలిపితే సగానికి వస్తాయి.

కోళ్ళకి జాతికో గూడు తప్పదు. పుంజుని మార్చినా పాత పుంజు బీజం పెట్టలో రెండు మూడు వారాలు ఉంటుంది, కాబట్టి మూడు వారాలు ఆగాకే పొదగడానికి గుడ్లు తీయండి, అప్పటిదాకా వచ్చినవి అట్లేసుకోండి. మామూలు జాతులకి ఒక పుంజుకి ఎనిమిది పది పెట్టలు సరే, బ్రహ్మా, కొచ్చిన్ లాంటి బొద్దు కోళ్ళకి ఐదారు చాలు. గుడ్లు పొల్లు పోతున్నాయి అంటే చాలాసార్లు కారణం వెనక దట్టంగా ఉన్న ఈకలు జతకి అడ్డం రావడమే, తోక కింద చుట్టూ కత్తెరతో కత్తిరిస్తే సరిపోద్ది. పోలిష్ క్యాప్ పుంజుకి కళ్ళ మీద పడే కుచ్చు కూడా కత్తిరించండి, దానికి పెట్ట కనపడాలి కదా. మేనరికం ఎక్కువ కాకుండా మూడు గూళ్ళు పెట్టుకుని, పెట్టపిల్లల్ని తల్లి గూట్లోనే ఉంచి, పుంజుపిల్లల్ని పక్క గూటికి పంపుతూ పోండి, కాళ్ళకి మూడు రంగుల జిప్ ట్యాగులు వేస్తే ఏది ఎక్కడిదో తెలిసిపోతుంది. పిల్ల పెరిగేకొద్దీ ట్యాగు వదులు చేయడం మాత్రం మర్చిపోవద్దు, కాల్లోకి దిగిపోద్ది.

గుడ్లు వారం లోపలివే పెట్టండి, కడగొద్దు, సన్నటి వైపు కిందకి పెట్టి చల్లటి చోట ఉంచండి. మన ఎండలకి ఏప్రిల్, మే నెలల్లో గదిలో పెట్టిన గుడ్డే సగం పొదుగు మొదలెట్టి పాడైపోతుంది, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తీయించుకోవడం సుఖం. ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీలు, తేమ 50-55 శాతం, 18వ రోజు గుడ్లు తిప్పడం ఆపేసి తేమ 65కి పైన పెట్టండి, 21 రోజులకి పగులుతాయి, బాంటమ్‌లు ఒక రోజు ముందే వచ్చేస్తాయి. ఏడో రోజు చీకట్లో ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూస్తే ఎర్రటి నరాలు సాలెగూడులా కనపడాలి, ఏమీ లేకుండా పసుపుగా వెలిగితే పొల్లు. కరెంటు నమ్మకం లేనివాళ్ళకి సిల్కీ పెట్టనే ఇంక్యుబేటర్ అనుకోండి, దాని కింద ఆరు నుంచి ఎనిమిది గుడ్లు పెట్టొచ్చు. పిల్లలకి మొదటి వారం 35 డిగ్రీల వేడి, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించండి. కొక్కెర తెగులుకి ఐదు నుంచి ఏడో రోజు మధ్య లసోటా టీకా కంట్లో చుక్క, నాలుగో వారంలో మళ్ళీ.

ఆవు చూడి 280 రోజులు పైన. ఈనిన గంటలోపు దూడకి జున్ను పాలు తాగించండి, పాలన్నీ ఇంట్లో జున్నుకే పోతే దూడకి ఏ జబ్బునీ తట్టుకునే శక్తి ఉండదు. దూడకి నాలుగు నెలలు నిండాక గాలికుంటు టీకా, ఆరు నెలలకోసారి మళ్ళీ. ఈత కష్టమైతే లాగొద్దు, పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి.

ఆవులూ కోళ్ళూ ఒకే దొడ్లో ఉంటే కోళ్ళు పిడుదుల్ని, పేడలో పురుగుల్ని ఏరుకు తింటాయి, అది లాభమే. అయితే సిల్కీ, బ్రహ్మా కోళ్ళకి వేళ్ళదాకా ఈకలుంటాయి కదా, వానాకాలం పేడ ముద్దలు కట్టి గోలీల్లా గట్టిపడి నడవలేవు, వాటిని పొడి గూట్లోనే ఉంచాలి. కోళ్ళ దాణా మూట మాత్రం ఆవుకి అందే చోట పెట్టొద్దు, ఒక్కసారిగా తింటే కడుపు పులిసిపోయి పడిపోతుంది. చచ్చిన కోడి గానీ కోళ్ళ ఎరువు గానీ మేత దగ్గర ఉంటే బొటులిజం వచ్చి ఆవు కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది, చచ్చినదాన్ని వెంటనే లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చేయండి, ఎరువు గడ్డి మళ్ళకి దూరంగా పోయండి.