చోరీ అయిన శిల్పానికి అసలు హక్కుదారు ఎవరో తేల్చడం

విదేశీ మ్యూజియంలో అమరావతి శైలి శిల్పం కనిపించినప్పుడు, విజయవాడ బాపు మ్యూజియంలోనో గుంటూరు బౌద్ధశ్రీ మ్యూజియంలోనో ఉన్న సున్నపురాతి పలకలతో ముందుగా పోల్చి చూడాలి. అయితే రాయి, చెక్కడపు తీరు ప్రాంతాన్ని సూచిస్తాయే తప్ప హక్కును నిరూపించవు.

ఆ తరువాత, వస్తువు ఎవరెవరి చేతులు మారి, ఏ సంవత్సరంలో అక్కడికి చేరిందో మ్యూజియం ఇచ్చిన వివరాలను ఒక్కొక్కటిగా వెనక్కు పరిశీలించి, ఖాళీలు ఎక్కడున్నాయో గుర్తించాలి. పురావస్తువుల ఎగుమతిని నియంత్రించే చట్టం మనకు 1947 నుంచీ ఉన్నందున, అనుమతి పత్రం చూపమని అడగడం న్యాయమే.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం పాత ఫొటో. ప్రకాశం జిల్లా చందవరంలో చోరీ అయిన బుద్ధారాధకుల పలకను 2005లో కొన్న ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ, అది పూర్వం చందవరంలోనే ఉన్నట్లు చూపే ఫొటో వెలుగులోకి వచ్చిన తరువాత, 2016లో తిరిగి ఇచ్చింది. అందుకే ఫొటోలో రూపాన్ని కాక, విరిగిన అంచులనూ పగుళ్లనూ ఓపికగా సరిపోల్చాలి. ఒకే పగులు రెండు రాళ్లపై ఉండదు. ఫొటోతోపాటు చోరీ నాటి పోలీసు ఫిర్యాదు ప్రతినీ జతచేసి భారత పురావస్తు శాఖకు పంపాలి.

1859లో లండన్ చేరిన అమరావతి శిల్పాల సంగతి వేరు. వాటిని తరలించింది వలస పాలకులే కనుక, అక్కడ వెతకవలసినవి పోలీసు కాగితాలు కావు, నాటి ప్రభుత్వ ఉత్తరప్రత్యుత్తరాలు.